మల్లెపందిరి వెనక కంకర మిషన్

కరీంనగర్,
ఫిబ్రవరి 6, 1989.

చి॥ సౌ॥ సరళను వదిన దీవించి రాసేది.

కిటికీ దగ్గర పెట్టుకోవడానికి వాసన మొక్కలు ఏవి బతుకుతాయని అడిగావు. మీ బోథ్ నల్లరేగడి కుండీకి పనికిరాదు. తడిస్తే బంక, ఎండితే పగుళ్లు. ఎర్రమట్టి తెప్పించుకుని, బాగా మాగిన పెంట ఎరువు, కొంచెం ఇసుక కలుపు. పొద్దుటి ఎండ పడే కిటికీ చూసి మరువం పెట్టు, దవనం పెట్టు. రోజూ నీళ్లు గుమ్మరించకు. మట్టిలో వేలు పెట్టి చూడు, పొడిగా తగిలితేనే పొయ్యి. ఇంట్లో పెంచే మొక్కలు ఎండి చచ్చేవి తక్కువ, నీళ్లెక్కువై కుళ్లి చచ్చేవే ఎక్కువ.

ఇక్కడ నా మల్లెకు పుష్యమాసంలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, నీళ్లు మాన్పి ఎండబెట్టాను. ఇప్పుడు ఎరువేసి నీళ్లు పెడుతుంటే చిగురు వచ్చింది. వచ్చిందని చేత్తో తడిమి తెలుసుకోవాలి, కంటికి కనబడదు. మన ఇంటి వెనక చెలకలో ఎవరో కంకర మిషన్ పెట్టారు సరళా. పొద్దున లేచేసరికి పందిరంతా బియ్యప్పిండి జల్లించినట్టు తెల్లగా ఉంటుంది. ఆకులు కడుగుతాను, మధ్యాహ్నానికి మళ్లీ అంతే. ఆరేసిన బట్టలు అంతే, మూత తీసిన గిన్నె అంతే.

అడుగుదామని పోయాను. అక్కడ పని చూసేవాడు బుచ్చిరాములట. "గింత దుమ్మేంది నాయనా, మనుషులు బతకాల్నా వద్దా?" అంటే, నవ్వాడు. "అమ్మా, గిది రాయి పలగ్గొట్టే జాగ. పూలు గుచ్చే జాగ గాదు" అన్నాడు. ఓనరెవరంటే చెప్పడు. "పెద్దోళ్లు. ఊర్ల ఉండరు" అంటాడు. వాడి నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మీ అన్నకు పొడిదగ్గు పట్టుకుంది. రిటైరయ్యాక హాయిగా పందిరి కింద పేపరు చదువుకుంటారనుకుంటే, పేపరు దులుపుకోవడంతోనే పొద్దు పోతోంది.

వదిన.


బోథ్,
ఫిబ్రవరి 20, 1989.

వదినకు సరళ నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే మట్టి కలిపి మరువం పెట్టాను. పక్కింటి గంగుబాయి చూసి, "మట్టి కొనుక్కొచ్చుడేంది బాయీ, మా దిక్కు మట్టికి ఏమొచ్చింది?" అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్వనీ. గది తలుపు తీయగానే వాసన వస్తోంది.

వదినా, మిషన్‌వాళ్లతో గొడవ పెట్టుకోకు. అన్నది చిన్నప్పటి నుంచీ బలహీనమైన రొమ్మే. చలికాలం వస్తే అవ్వ ఎప్పుడూ వాము కాచి ఇచ్చేది, నీకూ తెలుసు. ఆయన పడుకునే కిటికీ కిందనే రాత్‌రాణి పెట్టావు, ఆ ఘాటుకు మంచిగా ఉన్నవాళ్లకే తల తిరుగుతుంది. ముందు దాన్ని అక్కడి నుంచి తీసెయ్యరాదూ? రాయీ రప్పా అంటూ ఊరి మీదికి పోయేకంటే మన ఇల్లు మనం చూసుకోవడం మంచిది కదా.

ఈ ఏడు కూడా పత్తికి పురుగు పట్టింది. మా ఆయన ఏవో పనుల మీద తిరుగుతున్నారు. ఇంటి పట్టున ఉండడం లేదు.

సరళ.


కరీంనగర్,
ఏప్రిల్ 11, 1989.

చి॥ సౌ॥ సరళకు,

నువ్వు రాసిందే డాక్టరూ చెప్పాడు. సంతోషించు.

మీ అన్నకు దగ్గు ఆయాసంలోకి దిగితే ఊళ్లోకి కొత్తగా వచ్చిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. "ఇంట్లో పూలచెట్లున్నాయా?" అని అడిగాడు. ఉన్నాయని గొప్పగా చెప్పుకున్నాను కూడా, పిచ్చిదాన్ని. "తీసేయండి. ఆ పుప్పొడి, ఆ వాసన పడకనే ఇదంతా" అన్నాడు. మిషన్ సంగతి చెప్పబోతే, "దుమ్ము ఎక్కడ లేదమ్మా?" అని తరువాతి మనిషిని పిలిచాడు.

తీసేశాను. మొగ్గ మీదున్న మల్లెను ఎవరైనా తవ్వుతారా? నేను తవ్వాను. గడ్డపార వేరుకు తగిలినప్పుడల్లా నా ఎముకకు తగిలినట్టే ఉంది. రాలిన మొగ్గలు ఏరి తలలో పెట్టుకోవడానికి కూడా మనసు రాలేదు. పైకి చెప్పుకుంటే నవ్వుతారు గానీ, ఇంట్లో మనిషి పోయినట్టే ఉంది.

మీ అన్న వరండాలో కూర్చుని అటువైపు చూడనైనా లేదు. "పోనియ్యి ప్రమోదినీ. చెట్లే గదా" అన్నారు. పెళ్లయిన కొత్తలో నాకోసం ఎక్కడెక్కడి నుంచో అంట్లు తెచ్చి నాటిన మనిషి ఆ మాట ఎలా అనగలిగారో నాకు అర్థం కాలేదు.

కుండీల్లోవి మాత్రం చంపలేదు. సన్నజాజి, చమేలీ, రాత్‌రాణి లక్సెట్టిపేటలో నిజాముద్దీన్ గారింటికి పంపాను. మీ అన్నతో ఒకే బళ్లో పాఠాలు చెప్పినాయన. ఆయన భార్య సుగ్రా బేగం తానే వచ్చింది. "అక్కా, ఫికర్ జెయ్యకు. గివి నీయే. నా ఇంట్ల ఉంటయి, గంతే" అని కుండీలను పసిపిల్లల్లా సర్దుకుని పోయింది.

ఇప్పుడు మన ఇంట్లో ఒక్క పువ్వు లేదు. దగ్గు మాత్రం ఉంది.

వదిన.


బోథ్,
ఏప్రిల్ 25, 1989.

వదినకు,

మంచి పని చేశావు. అన్న ఆరోగ్యం ముందు, చెట్లు తరువాత. కొన్నాళ్లకు నిమ్మళిస్తుంది.

మా ఆయన ఒక మాట రాయమన్నారు. ఆ ఇల్లు పాతబడింది, ఇద్దరికి అంత జాగ ఎందుకు? అమ్ముతామంటే వెంటనే కొనేవాళ్లు ఉన్నారట. ఇటే బోథ్‌కు వచ్చెయ్యండి, నా కళ్ల ముందు ఉంటారు. ఆలోచించు.

ఎక్కువ రాయడానికి తీరిక లేదు.

సరళ.


కరీంనగర్,
జూన్ 14, 1989.

సరళకు,

ఈ ఉత్తరం కూర్చుని నెమ్మదిగా చదువు.

ఎండాకాలం గడపడానికి లక్సెట్టిపేట పోయాం. వెళ్లీ వెళ్లగానే నాకు గుండె ఆగినంత పనైంది. నిజాముద్దీన్ గారి వాకిట్లో నా కుండీలన్నీ విరగబూసి ఉన్నాయి. మీ అన్న మంచం సరిగ్గా వాటి మధ్యనే వేశారు. జరపమని నేను, "గోదారి గాలి ఈడనే మంచిగ తాకుతది" అని వాళ్లు. ఈయన జరగనంటే జరగనన్నారు. తెల్లవారాక సుగ్రా బేగం గాబరాగా వచ్చింది. "అక్కా, అన్న దగ్గుతలేడేంది? పానం మంచిగున్నదా?" అని. చూస్తే, సన్నజాజి తీగ దిండు మీదికి వాలి ఉంది, మనిషి గాఢంగా నిద్రపోతున్నారు. ఉన్నన్నాళ్లూ అంతే. ఆయాసం లేదు, మందు లేదు. రాత్‌రాణి వాసన పీలుస్తూ ఖవ్వాలీలు విన్నారు.

కరీంనగర్ వచ్చాం. ఇల్లు చేరిన మర్నాడే మళ్లీ మొదలైంది.

మరి నా చెట్లు చేసిన పాపమేమిటి? నేనెందుకు వాటిని నా చేత్తో తవ్వినట్టు?

కిటికీ మీది దుమ్ము పిడికిట్లోకి తీసుకుని మిషన్ దగ్గరికి పోయాను. సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. జైపాల్‌రావు దిగాడు. నీ భర్త.

"అక్కా, ఎండల నువ్వు గీడికెందుకొచ్చినవ్?" అన్నాడు.

"నువ్వెందుకొచ్చినవ్ తమ్మీ?" అన్నాను. మా మీద దయతలచి, వీళ్లను అడగడానికి వచ్చాడనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. అంతలో బుచ్చిరాములు పరుగెత్తుకొచ్చి, "దొరా, రోజు వచ్చి లొల్లి వెట్టే అమ్మ గీమెనే" అన్నాడు.

జైపాల్‌రావు తల దించుకున్నాడు. నేను అతని చొక్కా జేబులో నా పిడికెడు దుమ్మూ పోశాను. "మీ బావ ఊపిరి. జాగ్రత్తగ వెట్టుకో" అన్నాను.

సరళా, ఒక్కటే అడుగుతాను. ఇది నీకు తెలుసా?

వదిన.


బోథ్,
జూలై 3, 1989.

శ్రీమతి ప్రమోదిని గారికి,

తెలుసు.

మీరు అడిగారు, నేను చెప్పాను. ఇప్పుడు నా మాట వినండి. ఏటా పత్తి పెడితే పురుగు తినిపోయింది. పొలాన్ని నమ్ముకుని కూర్చుంటే ఇల్లు గడవని రోజు వచ్చింది. మా ఆయన దొంగతనం చెయ్యలేదు, ఎవరినీ మోసం చెయ్యలేదు. చెలక కొని, అనుమతి తెచ్చుకుని, చెమటోడ్చి ఒక పని పెట్టుకున్నారు. మీ ఇంటి వెనకే అని నాకూ బాధగానే ఉంది. రాసి ఏం లాభమని రాయలేదు.

అంతమాత్రాన కూలీలందరి ముందూ ఇంటి అల్లుడి చొక్కా మీద దుమ్ము పోస్తారా? ఆ రోజు ఇంటికి వచ్చి ఆయన అన్నం ముట్టలేదు. నాలుగు మల్లెచెట్లకు ఉన్నపాటి విలువ నా సంసారానికి లేదా మీ దగ్గర? కొన్నాళ్లు దగ్గకపోతే డాక్టరు చదివిన చదువంతా అబద్ధమైపోతుందా? ఊరు మారితే ఎవరికైనా నిమ్మళంగానే ఉంటుంది.

మీకు మొదటి నుంచీ మీ పూల తరువాతే మనుషులు. ఇక నన్ను ఏమీ అడగకండి. అన్నకు నా నమస్కారాలు చెప్పండి.

సరళాదేవి.


లక్సెట్టిపేట,
అక్టోబరు 29, 1989.

సరళకు,

'మీరు' అని రాశావు. పెళ్లై నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నీకు జడ వేసుకోవడం రాదు. మల్లెదండ పెట్టి జడ వేసిన చేతికి 'మీరు' అని రాశావు. కానియ్యి. నేను నువ్వు అనే రాస్తాను.

ఈసారి బతుకమ్మకు అన్న పిలవడానికి రాలేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. ఎందుకు రాలేదో చెబుతాను. వానలున్నన్నాళ్లు దుమ్ము అణిగి, మనిషి తేరుకున్నారు. వానలు వెనకపట్టగానే మిషన్ రాత్రింబగళ్లు నడిపారు. బాత్రూంకు పోతూ గడప దగ్గర పడిపోయారు. పెదవులు నల్లబడ్డాయి. పెద్దాసుపత్రిలో వేరే డాక్టరు రొమ్ముకు ఫొటో తీయించి, "ఇంటి దగ్గర రాతి పనేమన్నా ఉన్నదా?" అని తానే అడిగాడు. నేను పూలచెట్ల మాటెత్తితే, "పూలేం జేసినయమ్మా?" అన్నాడు. ఆ మాటకు నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను.

అక్కణ్నుంచి తిన్నగా ఇక్కడికి తీసుకొచ్చాను. ఇల్లు తాళం వేసి, చెవి మన ఎదురింటి శంకరవ్వకు ఇచ్చాను.

అసలు మాట ఇంకా రాయలేదు. ఇక్కడికి వచ్చాక నీ భర్త సంగతి మీ అన్నతో చెప్పాను. ఇన్నాళ్లూ ఆయన మనసు నొప్పిస్తుందని దాచాను. విని ఆశ్చర్యపోలేదు. తల పక్కకు తిప్పుకుని, "నాకెరుకే" అన్నారు.

"ఎప్పటిసంది?"

"మిషన్ వెట్టకముందే జైపాల్ వచ్చి చెప్పిండు. సరళ మీద ఒట్టు వెట్టిచ్చుకున్నడు."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తే నువ్వు ఊకుంటవా? లొల్లి జేస్తవు. సరళ సంసారంల నిప్పు వడ్తది. దగ్గే గదా, దగ్గుత అనుకున్న."

సరళా, ఆ డాక్టరు చెట్లు తీసేయమన్నప్పుడు ఈయనకు తెలుసు. నేను మొగ్గల మీదున్న మల్లెను తవ్వుతుంటే ఈయనకు తెలుసు. వరండాలో కూర్చుని చెట్లే గదా అన్నారు. నా చెట్లను, తన ఊపిరిని కలిపి నీ పుస్తెలకు కట్నంలా ఇచ్చుకున్నారు. నన్నొక్క మాట అడగలేదు. నిన్నూ అడగలేదు. ఇద్దరు మగవాళ్లు నీ పేరు చెప్పి నా ఇంటి గాలి పంచుకున్నారు. నాకు వాళ్లిద్దరి మీదా ఒకే కోపం. ఒకరికి వేళకు మందు పోస్తున్నాను కాబట్టి తేడా ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే.

ఇది నీకు రాయొద్దని చేతులు పట్టుకున్నారు. రాస్తున్నాను. ఈ ఇంట్లో ఇంకెవ్వరూ ఎవరి కోసమూ ఏదీ దాచడానికి వీల్లేదు.

వదిన.


కరీంనగర్,
డిసెంబరు 8, 1989.

వదినా,

పైన ఊరి పేరు చూశావా? నీ ఇంట్లో నుంచే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి ఆయన ముందు పెట్టాను. "నా మీద ఒట్టు వెట్టిచ్చుకున్నరట. నా పానం అంత అగ్గువ దొరికిందా మీకు?" అని అడిగాను. వ్యాపారమన్నాక ఇవన్నీ ఉంటాయన్నారు. అన్న లక్సెట్టిపేటలో బాగానే ఉన్నాడు కదా, అక్కడే ఉండనీ అన్నారు. ఆ మాటతో నాకు లోపల ఏదో తెగిపోయింది. మరువం కుండీ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. శంకరవ్వ తాళంచెవి ఇస్తూ, "గీ దుమ్ముల ఉంటవా బిడ్డా?" అంది. ఉండడానికే వచ్చానన్నాను.

వదినా, నువ్వు రోజూ గడప దగ్గరి నుంచి పెరటి దాకా కడిగి, తుడిచి, గిన్నెల మీద తడిబట్టలు కప్పి ఉంచేదానివని ఇప్పుడు తెలిసింది. మరువం కుండీని నడిమింట్లో పెట్టి, కిటికీలన్నీ వేసి, సందుల్లో గుడ్డలు కుక్కాను. తెల్లారేసరికి ఆకు తెల్లబడింది. తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తుంటే, పూల తరువాతే మీకు మనుషులని నీకు రాసిన మాట గుర్తొచ్చి నా చెంప నేనే కొట్టుకోవాలనిపించింది.

వారం తిరిగాక ఆయన జీపులో వచ్చారు. "నడు, ఇంటికి పోదాం" అన్నారు. ముందు భోంచెయ్యండి అన్నాను. అన్నం గిన్నె మీద మూత పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. మొదటి ముద్దకే పళ్ల కింద కరకరమంది. ఉమ్మేశారు.

"అన్నంల మన్నున్నదేంది?" అన్నారు.

"మన్ను గాదు, మన కంకరే. మా అన్న రోజు ఇదే తిన్నడు. మీరొక్క పూట తినరాదా?" అన్నాను.

లేచిపోయారు. మళ్లీ వస్తారు. మిషన్ ఇక్కడున్నంత కాలం నేను ఇక్కడే. నా మొగుడు నాతో ఉండాలంటే ఈ అన్నమే తినాలి.

నీ సరళ.


లక్సెట్టిపేట,
డిసెంబరు 19, 1989.

చి॥ సౌ॥ సరళకు,

పిచ్చిదానా, ఇదేం పని? నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపిస్తే లేచి కూర్చుని, "బస్సు ఎప్పుడున్నది?" అని చెప్పుల కోసం వెతుక్కున్నారు. నిజాముద్దీన్ గారు పట్టి ఆపారు. "నువ్వు వోతే నీ చెల్లె చేసిందంత ఖరాబైతది, లక్ష్మణ్‌రావ్. జర సబర్ పట్టు" అన్నారు.

ఒక దగ్గే ఈ ఇంటికి ఎక్కువ. నీకూ పట్టుకుంటే నేనేం చేయను? వెళ్లిపో అని రాయాలి. రాయలేకపోతున్నాను. నా కోసం ఇంతవరకూ ఎవరూ ఇంత కోపం తెచ్చుకోలేదు.

పడుకునేటప్పుడు ముక్కుకు తడిబట్ట కట్టుకో. నీళ్ల బిందె మీద మూత తియ్యకు.

వదిన.


కరీంనగర్,
ఫిబ్రవరి 17, 1990.

వదినా,

దగ్గు నాకూ పట్టింది. భయపడకు, నీకు ఈ మాట ఇప్పుడు రాస్తున్నానంటే తగ్గిందనే. డిసెంబరు ఆఖరున ఒక మధ్యాహ్నం ఆయన వాకిట్లోకి వచ్చేసరికి నేను గోడ పట్టుకుని దగ్గుతున్నాను. నీళ్లిచ్చి, వీపు రాసి, ఆ గోడకే ఆనుకుని కూర్చున్నారు. "మిషన్ తీసేస్త. కొత్తవాడ దిక్కు జాగ చూసిన" అన్నారు.

నీలాగా ఆలోచించడం అలవాటైనట్టుంది నాకు. "గాడ ఎవలుంటరు?" అని అడిగాను.

"గాడ ఎవలున్నరు? కూలోళ్ల గుడిసెలే."

"కూలోళ్లకు ముక్కులుండయా?" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. చెలక పోయె, పైకం పోయె, ఇంకేం చెయ్యాలని అరిచారు. నేనూ అరిచాను. మా అన్న గొంతులోంచి తీసి ఇంకొకరి అన్న గొంతులో పోస్తానంటే నేను బోథ్ రానని చెప్పాను. శంకరవ్వ, వాడకట్టు ఆడవాళ్లు గోడ మీద నుంచి వింటున్నారు. విననీ. మా ఇంటి పరువు ఇన్నాళ్లూ దాచినందుకే కదా ఇదంతా.

నెలరోజులు నాతో మాట్లాడలేదు. చివరకు బుచ్చిరాములు వచ్చాడు. "అమ్మా, గుట్ట మీద రాయి దీసే కాడికే మిషన్ మారుస్తున్నం. సుట్టుముట్టు ఊర్లు లెవ్వు. దొర నిన్ను వచ్చి చూస్కొమ్మన్నడు" అన్నాడు. పోయి చూశాను, వదినా. నిజంగానే ఎవరూ లేరు. పని చేసేవాళ్ల కోసం దుమ్ము అణిగేలా నీళ్లు చల్లే పైపులు కూడా వేయించారు. నేను అడగకముందే వేయించారు.

నిన్న ఇక్కడి నుంచి మిషన్ చివరి బెల్టు విప్పుకుని పోయారు. చెలక నిశ్శబ్దంగా ఉంది. రేపు నేనూ పోతున్నాను. చెవి శంకరవ్వ దగ్గరే ఉంటుంది. ఇల్లు కడిగాను, కానీ నీ అంత బాగా రాలేదు.

అన్నను తీసుకురా.

సరళ.


కరీంనగర్,
జూలై 22, 1990.

చి॥ సౌ॥ సరళకు,

వచ్చి నాలుగు నెలలైంది, రాయడానికి ఇప్పుడు తీరింది. మీ అన్న మునుపటి మనిషి కారు. ఆ మాట దాచను. వాకిలి దాటి నాలుగడుగులు వేస్తే నిలబడిపోతారు. పోయిన ఊపిరి తిరిగి రాదని డాక్టరు చెప్పాడు, ఉన్నదాన్ని కాపాడుకొమ్మన్నాడు.

మొన్న జైపాల్‌రావు వచ్చాడు. జీపు నిండా మొక్కలు తెచ్చాడు. నాకు ఒళ్లు మండింది. మొక్కలు తెస్తే సరిపోతుందా? "గుంతలు ఎవలు దీస్తరు?" అన్నాను. చొక్కా విప్పి పార అందుకున్నాడు. పార దిగిన చోటల్లా బూడిద రంగు రాతిపొడే వచ్చింది. కింది ఎర్రమట్టి కనబడేదాకా తట్టలు తట్టలుగా అతనే ఎత్తి బయట పోశాడు. చేతులు బొబ్బలెక్కాయి. ఆపమని నేను అనలేదు. సాయంత్రం అన్నం మాత్రం పెట్టాను. తిన్నాడు. "అక్కా" అని ఏదో చెప్పబోయాడు. ముందు తినమన్నాను. ఇంకా వినే ఓపిక నాకు రాలేదు సరళా, అబద్ధం ఎందుకు చెప్పాలి?

తెచ్చినవాటిలో సంపంగి ఒకటి ఉంది. అంటు కాదు, విత్తు మొక్క. నేను దాన్ని మీ అన్న కిటికీకి ఎదురుగా నాటాను. ఆయన కుర్చీ జరుపుకుని చూస్తూ కూర్చున్నారు.

"గిది ఎన్నేండ్లకు పూస్తది?" అని అడిగారు.

"ఆరేండ్లో, ఏడేండ్లో."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. తరువాత మెల్లగా, "గన్నొద్దులు నేనుంటనా ప్రమోదినీ?" అన్నారు.

నాకు ఎక్కడ లేని కోపమూ వచ్చింది. మట్టి చేతులతోనే ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ఎందుకుండరు? మీరు నాకు చెప్పాల్సిన జవాబులు ఇంక చాన ఉన్నయి. గవన్ని చెప్పేదాక ఎటు వోనియ్య" అన్నాను.

వదిన.